మాటకు తగ్గ స్లైడు: ఆన్‌లైన్ పాఠాల్లో వీడియో, స్లైడ్ల జోడీ ఎలా కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది

క్లుప్తంగా

వీడియో, స్లైడ్లు కలిసి నడిచే పాఠానికి ప్రాణం ప్లేయర్‌లో లేదు. ఏ స్లైడు ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా కనిపించాలో చెప్పే కాలపట్టికలో ఉంది. దాన్ని విడిగా, మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకున్న పాఠాన్ని దిద్దవచ్చు, తక్కువ డేటాతో పంపవచ్చు, మరో భాషలోకి మార్చవచ్చు. సింక్, అంటే ధ్వనీ చిత్రమూ సమయానికి కలవడం, తప్పడానికి కారణాలు ఎక్కువగా రికార్డింగ్ దశలోనే పుడతాయి. లోపం పెరుగుతోందా, ఒకే తీరుగా ఉందా, ఉన్నట్టుండి మొదలైందా అని గమనిస్తే కారణం దొరుకుతుంది.

ఇప్పుడు ఎందుకీ గందరగోళం

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ 2017 జులై 9న మొదలైంది. 2021 నాటి యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టర్‌లో ఒక ప్రోగ్రాంకు చెందిన మొత్తం కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివించే వీలు విద్యాసంస్థలకు కల్పించాయి. అంతకుముందు ఆ పరిమితి 20 శాతమే. స్వయం కోర్సుకు నాలుగు భాగాలు తప్పనిసరి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చావేదిక, స్వీయ పరీక్ష. దీంతో వీడియో పాఠం తయారీ అధ్యాపకుల పనిలో ఒక భాగమైపోయింది. తయారీలో శిక్షణ మాత్రం చాలాచోట్ల కెమెరా ఎలా ఆన్ చేయాలన్న దగ్గరే ఆగిపోతోంది.

‘వీడియో, స్లైడ్లు కలిపిన పాఠం’ అన్నప్పుడు ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు వస్తువులను ఊహించుకోవడం మొదటి చిక్కు. ఒకటి, మనిషి ముఖమూ స్లైడూ ఒకే చిత్రంగా కలిసిపోయిన వీడియో ఫైలు. రెండోది, వీడియో ఒక ఫైలుగా, స్లైడ్లు విడి బొమ్మలుగా ఉండి, చూసేటప్పుడు ప్లేయర్ వాటిని సమయానికి జతచేసే పాఠం. చూసేవారికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. తయారీ, ఖర్చు, దిద్దుబాటు, ఆయుష్షు మాత్రం పూర్తిగా వేరు.

కలిపేసిన వీడియో, విడి భాగాల పాఠం

కలిపేసిన వీడియోకు ఉన్న బలం అది ఎక్కడైనా ఆడుతుంది. యూట్యూబ్‌కు ఒకే ఫైలు కావాలి. వాట్సాప్‌లో పంపాలన్నా, టీ-శాట్, స్వయం ప్రభ వంటి ఉపగ్రహ చానళ్లలో ప్రసారం చేయాలన్నా ఒకే చిత్రం వెళ్లాలి. బలహీనత దిద్దుబాటులో బయటపడుతుంది. పన్నెండో స్లైడులో ఒక సూత్రం తప్పు పడితే, ఆ భాగాన్ని మళ్లీ ఎడిట్ చేసి, మొత్తం వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేసి (కుదించి ఫైలుగా మార్చి), మళ్లీ ఎక్కించాలి. యూట్యూబ్‌లో అయితే పాత లింకు కింద కొత్త వీడియో పెట్టడం కుదరదు. విడి భాగాల పాఠంలో పన్నెండో బొమ్మ ఒక్కదాన్ని మారిస్తే సరిపోతుంది.

డేటా లెక్క ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. సెకనుకు 1.5 మెగాబిట్ల వేగంతో ఎన్‌కోడ్ చేసిన గంట వీడియో 675 ఎంబీ అవుతుంది. అదే పాఠాన్ని విడగొడితే సెకనుకు 64 కిలోబిట్ల ఆడియో గంటకు సుమారు 29 ఎంబీ. 40 స్లైడ్లు ఒక్కోటి 100 కేబీ చొప్పున 4 ఎంబీ. చిన్న కిటికీలో ముఖం చూపడానికి సెకనుకు 300 కిలోబిట్లు చాలు, అది గంటకు 135 ఎంబీ. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఉన్న విద్యార్థి ముఖం వదిలేసి ఆడియో, స్లైడ్లు మాత్రమే తీసుకుంటే మొత్తం 33 ఎంబీ. కలిపేసిన వీడియోలో ఇది ఇరవయ్యో వంతు. పైగా స్లైడు అసలు పరిమాణంలో, పూర్తి స్పష్టతతో వస్తుంది. కలిపేసిన వీడియోలో నెట్ మందగిస్తే ముందు చెడేది స్లైడు మీది అక్షరాలే.

విడి భాగాల పాఠానికి సొంత వెబ్‌పేజీ, సొంత ప్లేయర్ కావాలి. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని పక్కవారికి ఇవ్వడం కష్టం. అందుకే ఏదో ఒకటే ఎంచుకోవాలని పట్టుబట్టనక్కర్లేదు. భాగాలను విడిగా తయారుచేసి దాచుకుని, వాటి నుంచి కలిపేసిన వీడియోను పుట్టించడం మేలైన దారి. విడి భాగాల నుంచి ఒకే వీడియో చేయడం నిమిషాల పని. కలిసిపోయిన వీడియోలోంచి శుభ్రమైన స్లైడ్లను వెనక్కి లాగడం దాదాపు కుదరని పని.

పాత పాఠాలు ఎందుకు తెరుచుకోవడం లేదు

ఈ ఆలోచన కొత్తది కాదు. బొమ్మలు, ధ్వని, వీడియోలను ఒక కాలక్రమంలో కట్టేందుకు వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 1998 జూన్‌లోనే స్మిల్ అనే ప్రమాణాన్ని ఆమోదించింది. రియల్‌ప్లేయర్ దాన్ని వాడుకుంది. తర్వాత పవర్‌పాయింట్‌కు తోడుగా మైక్రోసాఫ్ట్ ప్రొడ్యూసర్ అనే ఉపకరణం వచ్చింది. బ్రౌజర్‌లో వీడియో ఆడించే ఫ్లాష్, సిల్వర్‌లైట్ అనే సాఫ్ట్‌వేర్ల మీద నడిచే లెక్చర్ ప్లేయర్లు విశ్వవిద్యాలయాల్లో బాగా వాడుకలో ఉండేవి. ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబరు 31న మద్దతు ఆపేసింది. సిల్వర్‌లైట్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2021 అక్టోబరులో ముగిసింది.

వాటితో పాటు పోయింది వీడియో కాదు. వీడియో ఫైళ్లను చాలావరకు ఇప్పటికీ వేరే ప్లేయర్‌తో తెరవవచ్చు, స్లైడ్లూ ఎక్కడో ఉంటాయి. ఏ స్లైడు ఎప్పుడు రావాలన్న సమాచారం ఆ ఉపకరణపు సొంత ఫార్మాట్‌లో చిక్కుకుపోయింది. ఆ ఒక్క ముక్క లేక పాఠం మొత్తం ఎందుకూ కొరగాకుండా పోయింది. ప్లేయర్లు వస్తాయి, పోతాయి. కాలపట్టిక మనిషి చదవగలిగే టెక్స్ట్‌గా ఉంటే కొత్త ప్లేయర్‌కు దాన్ని అప్పగించడం ఒక పూట పని.

కాలపట్టిక ఎలా ఉంటుంది

ఈ రోజు బ్రౌజర్లన్నీ నేరుగా అర్థం చేసుకునే ఫార్మాట్ వెబ్‌వీటీటీ. సబ్‌టైటిళ్ల కోసం పుట్టినా స్లైడ్లకూ అంతే బాగా పనికొస్తుంది. ఫైలు WEBVTT అన్న వరుసతో మొదలవుతుంది. ఆ తర్వాత, డేటా స్ట్రక్చర్స్‌లో స్టాక్ గురించి చెప్పే పాఠానికి పట్టిక ఇలా ఉంటుంది:

00:00:00.000 --> 00:00:38.500
స్లైడు-01: స్టాక్ అంటే ఏమిటి

00:00:38.500 --> 00:01:02.000
స్లైడు-02: ఖాళీ స్టాక్

00:01:02.000 --> 00:01:25.500
స్లైడు-03: పుష్ 10

00:01:25.500 --> 00:02:04.000
స్లైడు-04: పుష్ 20

ప్రతి వరుసలో మొదలు, ముగింపు రెండూ ఉండటం గమనించాలి. పాత పద్ధతుల్లో కొన్ని ‘ఇప్పుడు తర్వాతి స్లైడుకు వెళ్లు’ అనే ఆదేశాలను వీడియోలో పొదిగేవి. విద్యార్థి వరసగా చూసినంతసేపూ అది పనిచేస్తుంది. అతను పది నిమిషాలు ముందుకు దూకితే మధ్యలోని ఆదేశాలు అమలు కాకుండా పోతాయి, పాత స్లైడే నిలిచిపోతుంది. వెనక్కి వస్తే మరీ అన్యాయం. ‘ఈ క్షణం నుంచి ఈ క్షణం దాకా ఈ స్లైడు’ అని రాసి ఉంటే, ఎక్కడికి దూకినా ఆ క్షణానికి చెందిన స్లైడును ప్లేయర్ వెతికి చూపగలదు. సొంతంగా ప్లేయర్ రాయించుకునేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

చిన్న తప్పులతో పట్టిక మొత్తం మూగబోతుంది. ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలులో సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య కామా ఉంటుంది, వెబ్‌వీటీటీలో చుక్క ఉండాలి. పేరు మార్చి కామాలు అలాగే వదిలేస్తే బ్రౌజర్ ఏ హెచ్చరికా లేకుండా ఆ వరుసలను వదిలేస్తుంది. ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయకపోతే తెలుగు శీర్షికలు చెత్తగా మారతాయి. పట్టికను వీడియోకు జతచేసే మెటాడేటా రకం ట్రాక్‌ను ప్రోగ్రామ్‌లో ‘హిడెన్’ స్థితికి తేకపోతే బ్రౌజర్ దాన్ని అసలు లోడే చేయదు. పేజీని నేరుగా ఫోల్డర్‌లోంచి తెరిచి పరీక్షిస్తే క్రోమ్ పట్టికను చదవనివ్వదు, కాబట్టి చిన్న లోకల్ సర్వర్ నడిపి చూడాలి.

ఇక స్లైడును ఎక్కడ మార్చాలి? మాట పూర్తయ్యాక కాదు, కొత్త విషయం మొదలయ్యే వాక్యానికి అర సెకను ముందు. మాటా బొమ్మా ఒకే సమయంలో అందితే నేర్చుకోవడం మెరుగవుతుందని, ఒకదాని తర్వాత ఒకటి వస్తే దెబ్బతింటుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ చేసిన ప్రయోగాలు చూపించాయి. బొమ్మ ఆలస్యమైతే విద్యార్థి విన్న వాక్యాన్ని మనసులో పట్టుకుని ఎదురుచూడాలి. కొంచెం ముందొస్తే కళ్లు చుట్టూ తిరిగి సిద్ధంగా ఉంటాయి. మూడు నాలుగు సెకన్లు ముందొస్తే మాత్రం చదవడం మొదలుపెట్టి, చెప్పేది వినడం మానేస్తారు. చెప్పే వాక్యాన్నే స్లైడు మీద అక్షరం పొల్లుపోకుండా రాయడం కూడా బొమ్మతో పాటు మాట వినడం కన్నా తక్కువ ఫలితమిస్తుందని అదే పరిశోధన చెబుతుంది.

సింక్ తప్పే తీరును బట్టి కారణం

రెండు రకాల సింక్‌లను కలగాపులగం చేయకూడదు. స్లైడు, మాటల మధ్య అర సెకను తేడా వచ్చినా ఎవరూ గుర్తించరు. పెదవులు, మాటల మధ్య అంత తేడా వస్తే పాఠం చూడలేరు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం ప్రకారం ధ్వని చిత్రం కన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవారు పసిగడతారు. రెండు వైపులా ఒకే అంకె లేకపోవడానికి కారణం ఉంది. ప్రకృతిలో వెలుగు కన్నా ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఆలస్యానికి మెదడు అలవాటు పడి ఉంటుంది, ముందొచ్చే ధ్వనికి కాదు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంటే ధ్వని ఒక ఫ్రేముకు మించి ముందుకు జరిగితే చాలు, తేడా కనిపిస్తుంది.

తేడా పాఠం మొదట్లో ఎంత ఉందో చివర్లోనూ అంతే ఉంటే అది స్థిరమైన జాప్యం. బ్లూటూత్ మైకు దీనికి మొదటి అనుమానితుడు. ధ్వనిని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పడానికి అది సుమారు 150 నుంచి 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కెమెరాను కంప్యూటర్‌కు కలిపే క్యాప్చర్ కార్డు ద్వారా వచ్చే చిత్రమూ ఆలస్యమవుతుంది, అప్పుడు ధ్వని ముందొస్తుంది. మందు తేలిక. కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి, చేతులు కలిసిన ఫ్రేమును, ధ్వని తరంగంలో ముల్లులా లేచిన చోటును పక్కపక్కన పెట్టి ఎంత తేడా ఉందో కొలవాలి. ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో అడ్వాన్స్‌డ్ ప్రాపర్టీస్‌లోని సింక్ ఆఫ్‌సెట్‌లో ఆ అంకెను మిల్లీసెకన్లలో వేస్తే సరి.

మొదట్లో సరిగా ఉండి పోనుపోను పెరిగితే అది గడియారాల తేడా. కెమెరా, విడి వాయిస్ రికార్డర్ తమతమ క్వార్ట్జ్ గడియారాలతో నడుస్తాయి. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను, అంటే నాలుగు ఫ్రేములకు పైగా. మొదట్లో ఒక్క చప్పట్లతో సరిపెట్టడం ఇందుకే చాలదు. చివర్లో కూడా చప్పట్లు కొట్టి, రెండింటి మధ్య ధ్వని నిడివిని చిత్రం నిడివికి సమానంగా సాగదీయాలి. పది నిమిషాల ముక్కలుగా రికార్డు చేస్తే అదే తేడా 0.03 సెకనుకు పడిపోతుంది, అసలు పట్టించుకోనక్కర్లేదు.

తేడా నిమిషాల్లోనే సెకన్లకు చేరితే గడియారం కాదు, సెట్టింగు తప్పు. 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డయిన ధ్వనిని 48 అని చదివితే గంట పాఠం 55 నిమిషాల 7 సెకన్లలో ముగుస్తుంది, గొంతు సన్నబడుతుంది. 29.97 ఫ్రేముల వీడియోను 30గా తీసుకుంటే గంటకు 3.6 సెకన్లు జారుతుంది. అన్ని పరికరాలనూ 48 కిలోహెర్ట్జ్‌కు, ఒకే ఫ్రేము వేగానికి ముందే సరిచేసుకుంటే ఈ గొడవ ఉండదు.

అక్కడక్కడా తప్పి, మళ్లీ కుదిరినట్టుండి, మళ్లీ తప్పితే ఫోన్ కెమెరాను అనుమానించాలి. ఫోన్లు వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫ్రేము వేగాన్ని మార్చుకుంటూ పోతాయి. స్థిరవేగాన్ని ఊహించుకునే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగా పరచలేదు. ఎడిటింగ్‌కు ముందే, వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని మార్చుకోవాలి. ఎడిట్ చేశాక మార్చితే ఉపయోగం లేదు. ఉన్నట్టుండి ఒకచోట మొదలై అక్కడి నుంచి ఒకే తీరుగా ఉంటే, అక్కడ ఎడిటింగ్‌లో ఒక ట్రాకును కోసి రెండోదాన్ని కోయడం మరిచారని అర్థం.

కరెంటు సంగతి కూడా ఇక్కడే. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 ఫైలు సాధారణంగా తెరుచుకోదు, ఎందుకంటే దాని సూచిక రికార్డింగ్ ముగిశాకే రాయబడుతుంది. ఎంకేవీ ఫార్మాట్‌లో రికార్డు చేస్తే పోయిన క్షణం దాకా ఉన్నది దక్కుతుంది. ఓబీఎస్‌లోనే రీమక్స్ చేసి (మళ్లీ కుదించకుండా ఫార్మాట్ మాత్రమే మార్చి) తర్వాత ఎంపీ4గా మార్చుకోవచ్చు, నాణ్యత తగ్గదు.

ఒక్కో స్లైడుకు ఒక్కో ముక్క

పాఠం మొత్తం ఏకబిగిన చెప్పి తర్వాత పట్టిక రాసే పద్ధతి తరగతి గది రికార్డింగులకు తప్పదు. గదిలో ఒంటరిగా కూర్చుని తయారుచేసేవారికి మాత్రం స్లైడుకు ఒక ముక్కగా రికార్డు చేయడం మంచిది. పవర్‌పాయింట్‌లోని స్లైడ్‌షో రికార్డింగ్ ఇలాగే పనిచేస్తుంది. ధ్వని ఒక్కో స్లైడుకు విడిగా అతుక్కుంటుంది, కాబట్టి ఏడో స్లైడులో తడబడితే ఏడోదాన్ని మాత్రమే మళ్లీ చెప్పొచ్చు. ఒక జాగ్రత్త ఉంది: స్లైడు మారే ట్రాన్సిషన్ నడుస్తున్నంతసేపూ పవర్‌పాయింట్ ధ్వనిని రికార్డు చేయదు. కొత్త స్లైడు పూర్తిగా నిలిచాకే మాట మొదలుపెట్టాలి. లేకపోతే ప్రతి స్లైడులో మొదటి పదం ఎగిరిపోతుంది. ట్రాన్సిషన్లను పూర్తిగా తీసేయడం ఇంకా నయం.

ముక్కల పద్ధతికి ఉన్న ఇబ్బంది గది శబ్దం. ఫ్యాను తిరుగుతుండగా పది స్లైడ్లు చెప్పి, మర్నాడు ఫ్యాను ఆపి ఏడో స్లైడును మళ్లీ చెబితే, ఏడో స్లైడు మొదట్లో హోరు ఒక్కసారిగా ఆగి, చివర్లో మళ్లీ మొదలవుతుంది. వినేవారి ధ్యాస అక్కడే చెదురుతుంది. రికార్డింగ్‌కు ముందు పది సెకన్ల పాటు మాట లేకుండా గది శబ్దాన్ని రికార్డు చేసి ఉంచుకుంటే, తర్వాత దాన్ని కొత్త ముక్క కింద పరిచి అతుకు కనపడకుండా చేయవచ్చు. కాలర్ మైకును గడ్డానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద పెట్టి, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. ఎర్రగీతను తాకిన ధ్వనిని తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

ఏకబిగి రికార్డింగ్‌లో పని వరస కీలకం. ముందు కోతలన్నీ పూర్తిచేయాలి, ఆ తర్వాతే కాలపట్టిక రాయాలి. పట్టిక సిద్ధమయ్యాక నాలుగో నిమిషంలో ఏడు సెకన్ల దగ్గు కోస్తే, ఆ తర్వాతి ప్రతి వరుసలోనూ ఏడు సెకన్లు తీసేయాలి. ముఖం చూపే చోట కోస్తే తల ఎగిరిపడినట్టు కనిపిస్తుంది. కోత ఉన్నచోట స్లైడు తెరనిండా ఉండేలా చూస్తే అది తెలియదు.

తెలుగు స్లైడుకు ఉన్న ప్రత్యేక ఇబ్బందులు

తెలుగు లిపిలో ద-ధ, ప-ఫ జంటలకు తేడా అడుగున ఉండే చిన్న గీతే. వత్తులు వరుస కిందికి దిగుతాయి, గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి. ఇంగ్లిష్ కోసం కుదిర్చిన వరుసల ఎడంలో తెలుగు పెడితే పై వరుస వత్తు కింది వరుస తలకట్టును గుద్దుకుంటుంది. వరుసల ఎడం కనీసం 1.4 రెట్లు, అక్షరం 28 పాయింట్లకు తగ్గకుండా, సన్నగీతల ఫాంట్లకు బదులు నోటో సాన్స్ తెలుగు, మండలి వంటివి వాడితే ఫోన్ తెర మీద కూడా వత్తులు నిలుస్తాయి. స్లైడుకు ఐదారు వరుసలు మించితే పాఠాన్ని రెండు స్లైడ్లు చేయడమే న్యాయం.

రంగుల విషయంలో వీడియో ఎన్‌కోడింగ్‌కు ఒక గుణం ఉంది. వెలుగు, చీకట్ల సమాచారాన్ని పూర్తిగా ఉంచి, రంగు సమాచారాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాస్తుంది. తెల్లటి నేల మీద నల్లటి అక్షరానికి నష్టం లేదు, ఎందుకంటే దాని అంచు వెలుగులోనే ఉంది. నీలం నేల మీద ఎర్రటి అక్షరానికి అంచు ఎక్కువగా రంగులోనే ఉంటుంది, కాబట్టి అలుక్కుపోతుంది. కంప్యూటర్ మీద అందంగా కనిపించిన స్లైడు వీడియోలో మసకబారడానికి ఇదే కారణం.

అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన స్లైడ్లు కంటికి బాగానే ఉంటాయి. వాటిలోంచి అక్షరాలను బయటికి తీస్తే పనికిరాని గుర్తుల వరుస వస్తుంది. పాఠంలో ఒక పదం వెతికి ఆ స్లైడుకు నేరుగా దూకే సదుపాయం అప్పుడు ఉండదు. కొత్తగా చేసే స్లైడ్లు యూనికోడ్‌లోనే ఉండాలి.

స్లైడ్లను బొమ్మలుగా మార్చేటప్పుడు పవర్‌పాయింట్ నేరుగా ఇచ్చే బొమ్మ 1280×720 మాత్రమే. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, దాన్ని 144 డీపీఐ దగ్గర పీఎన్‌జీ బొమ్మలుగా మారిస్తే 13.33 అంగుళాల వెడల్పున్న స్లైడు సరిగ్గా 1920×1080 అవుతుంది. అక్షరాలున్న స్లైడుకు జేపెగ్ వద్దు, అంచుల చుట్టూ మురికి చేరుతుంది. పీడీఎఫ్‌లో యానిమేషన్లన్నీ ఒకే పేజీలో కుప్పపడతాయి. అందువల్ల మెట్టుమెట్టుగా చూపాల్సిన విషయాన్ని యానిమేషన్‌తో కాకుండా, ఒకే స్లైడును కాపీ చేసి ఒక్కో మెట్టు కలుపుతూ చేయాలి. పై పట్టికలో స్టాక్ స్లైడ్లు అందుకే మూడుగా విడిపోయాయి.

స్లైడు మార్పును యంత్రమే పసిగడితే

విశ్వవిద్యాలయాలు వాడే ఓపెన్‌కాస్ట్ వంటి ఉచిత వ్యవస్థలు స్లైడ్ల తెరను విడి వీడియోగా తీసుకుని, ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఎంత భాగం మారిందో లెక్కకట్టి స్లైడు మార్పును గుర్తిస్తాయి. వందల గంటల పాత రికార్డింగులకు ఇదొక్కటే ఆచరణసాధ్యం. స్లైడులో వీడియో నడిస్తే ప్రతి కదలికా కొత్త స్లైడుగా లెక్కకు వస్తుంది. ఒక్క వరుస మాత్రమే చేరే స్లైడు అసలు లెక్కకే రాదు. ఎంత భాగం మారితే కొత్త స్లైడుగా లెక్కించాలన్న పరిమితిని పెంచినా తగ్గించినా ఒకవైపు తప్పులు పెరుగుతాయి. తక్కువ పరిమితితో ఎక్కువ గుర్తులు పెట్టించి, అనవసరమైనవి మనిషి తీసేయడం సులువు. తప్పిపోయినవాటిని వెతకాలంటే పాఠం మొత్తం చూడాల్సివస్తుంది.

దూకినచోట ఆగకపోవడం

విద్యార్థి ఏ స్లైడు పేరు నొక్కితే దానికి కాకుండా కొంచెం వెనక్కో ముందుకో వెళ్లడం తరచూ వినిపించే ఫిర్యాదు. పట్టిక సరిగానే ఉండి ఇలా జరిగితే కారణం కీఫ్రేములు. వీడియోలో పూర్తి చిత్రం అప్పుడప్పుడే ఉంటుంది, మిగిలినవి దానితో పోల్చిన తేడాలు. చాలా ప్లేయర్లు దగ్గరి కీఫ్రేముకే దూకుతాయి. ఎక్స్264 ఎన్‌కోడర్ మామూలుగా 250 ఫ్రేములకు మించి ఎడం ఇవ్వదు. సెకనుకు 25 ఫ్రేములైతే అది 10 సెకన్లు. స్లైడ్ల వీడియోకు ఫైలు చిన్నదవుతుందని సెకనుకు 5 ఫ్రేములు పెట్టినవారికి అదే అంకె 50 సెకన్లు అవుతుంది. కీఫ్రేము ఎడాన్ని 2 సెకన్లకు తగ్గించడమో, స్లైడు మారే క్షణాల్లో కీఫ్రేము తప్పనిసరి చేయడమో చేయాలి.

బొమ్మల నుంచి ఒకే వీడియో చేయడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌కు బొమ్మ పేరు, వ్యవధి వరుసగా ఉన్న జాబితా ఇస్తే చాలు. కాలపట్టికలోని రెండు సమయాల తేడాయే వ్యవధి. జాబితాలో చివరి బొమ్మ పేరు రెండోసారి రాయకపోతే దాని వ్యవధిని అది పట్టించుకోదు, పాఠం చివర్లో తెర ముందే ఆగిపోతుంది. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు అదే పట్టికను అధ్యాయాలుగా వివరణలో వేయవచ్చు. మొదటిది 0:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, ఏదీ 10 సెకన్లకు తగ్గకూడదు. మెట్టుమెట్టు స్లైడ్లను అక్కడ ఒకే అధ్యాయంగా కలపాలి.

ముఖం కావాలా, ఎంతసేపు

ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని 69 లక్షల వీడియో వీక్షణలను విశ్లేషించి 2014లో వెలువడిన అధ్యయనం, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు చూసే మధ్యస్థ సమయం 6 నిమిషాలు దాటడం లేదని తేల్చింది. స్లైడ్లు మాత్రమే ఉన్న వీడియోల కన్నా మధ్యమధ్య బోధకుడి ముఖం కనిపించే వీడియోల్లో ఎక్కువసేపు నిలిచారు. అందులోంచి గంటంతా మూలన ముఖం పెట్టాలన్న అర్థం రాదు. పరిచయంలో, ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మళ్లేటప్పుడు ముఖాన్ని పెద్దగా చూపి, సూత్రమో పటమో వివరించేటప్పుడు పూర్తిగా తీసేయడం మంచి అమరిక. కాలపట్టికలో స్లైడు పేరు పక్కనే ‘ముఖం ఉంది, లేదు’ అన్న గుర్తు ఒకటి చేరిస్తే అది కూడా దానంతట నడుస్తుంది.

ఒకే పాఠం, రెండు భాషలు

తెలుగు విద్యార్థులకు ఈ పద్ధతి వల్ల కలిగే అసలు లాభం అనువాదంలో ఉంది. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ పాఠాలకు రెండు నిలువు వరుసల్లో స్క్రిప్టు రాయిస్తుంది: ఒకదానిలో తెర మీద ఏం కనిపించాలి, రెండోదానిలో ఏం చెప్పాలి. దానికి సమయాలు చేర్చి, ఆ సమయాలకు సరిపోయేలా తెలుగుతో సహా భారతీయ భాషల్లో డబ్బింగ్ చేయిస్తుంది. చిత్రం మారకుండా ధ్వని మారుతుంది కాబట్టి, అనువాదకుడు ఆ ఇరవై సెకన్లలో ఇమిడే వాక్యం వెతకాలి.

తెర మీద మౌస్ కదిలే సాఫ్ట్‌వేర్ పాఠానికి ఆ కట్టుబాటు తప్పదు. స్లైడ్ల పాఠానికి అవసరం లేదు. ఇంగ్లిష్‌లో 23 సెకన్లు పట్టిన వివరణకు తెలుగులో 31 సెకన్లు కావాలంటే, తెలుగు ధ్వనికి సొంత కాలపట్టిక రాసుకుంటే సరిపోతుంది. అవే 40 బొమ్మలు, వేరే ధ్వని, వేరే పట్టిక. మాటలను కుదించాల్సిన పని లేదు, ఒక ఉదాహరణ ఎక్కువ చెప్పే స్వేచ్ఛ కూడా దొరుకుతుంది. స్లైడు మీద అక్షరాలు తక్కువ, పటాలు ఎక్కువ ఉంటే బొమ్మలను కూడా మార్చనక్కర్లేదు.

ఇందుకు ఒక్కో పాఠానికి ఒక ఫోల్డర్ చాలు: అసలు స్లైడ్ల ఫైలు, వాడిన ఫాంటు, పీఎన్‌జీ బొమ్మలు, కోతలు పూర్తయిన ధ్వని కుదించని వేవ్ రూపంలో, ముఖం వీడియో, కాలపట్టిక, మాట్లాడిన పాఠం టెక్స్ట్‌గా. బొమ్మల పేర్లలో అంకెలకు ముందు సున్నాలు పెట్టాలి, లేకపోతే 1 తర్వాత 2 రావాల్సిన చోట 10 వచ్చి కూర్చుంటుంది. మధ్యలో స్లైడు చేరిస్తే మిగతావాటి అంకెలు మార్చకుండా ‘12ఎ’ అని పేరు పెట్టడం మేలు, పాత పట్టిక చెడకుండా ఉంటుంది. విడుదలకు ముందు మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద మొదటి నిమిషం, నడిమి భాగం, చివరి నిమిషం చూసి, మూడుచోట్ల ముందుకూ వెనక్కూ దూకించి పరీక్షించాలి. లోపం ఉంటే ఆ కాసేపట్లోనే బయటపడుతుంది.